పియానోలో నిద్రపోయిన ఎలుక

పోయిన సంచికలో పాత బొమ్మల సినిమాల గురించి రాస్తూ, టామ్ అండ్ జెర్రీల ‘ది క్యాట్ కన్సర్టో’ని ఒక్క వాక్యంలో దాటేశాం. పాఠకులు ఊరుకోలేదు. వచ్చిన ప్రశ్నల్లో ఒకే తీరువి కలిపేసి, మిగిలినవి విడివిడిగా ఇస్తున్నాం. బొమ్మల సంగతులు యానిమేషన్ పని తెలిసినవారు చూశారు. వాద్యం సంగతులు పియానో, హార్మోనియం విప్పి బిగించే చేయి ఉన్నవారు చూశారు.

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్లు. టామ్ అండ్ జెర్రీలో ఇన్ని కథలుండగా పియానో కథే పెట్టమని పేచీ. చిన్నప్పుడు నాకూ అదే ఇష్టం. అందులో అంత ఏముందండీ? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. తోక కోటు తొడుక్కున్న టామ్ వేదిక మీదికొచ్చి, సభకు వంగి నమస్కారం పెట్టి, పెద్ద పియానో ముందు కూర్చుని వాయించడం మొదలుపెడతాడు. ఆ పియానో లోపల, తీగల్ని కొట్టే సుత్తుల మీద, జెర్రీ పడుకుని ఉన్నాడు. నిద్ర చెడిపోయింది. ఇక చివరిదాకా ఆ తగాదానే.

మీ అమ్మాయిని పట్టేసింది అందులోని షరతు. నోటితో ఎవరూ చెప్పరు గానీ ఆరేళ్ల పిల్లకి కూడా తెలిసిపోతుంది: ఎదురుగా సభ ఉంది, టామ్ వాయించడం ఆపకూడదు. మిగతా కథల్లో అయితే ఇల్లంతా పరిగెత్తవచ్చు, చీపురు అందుకోవచ్చు. ఇక్కడ కుర్చీ దిగడానికి లేదు. చెవి దగ్గర దోమ గీపెడుతున్నా కచేరీలో విద్వాంసుడు తాళం వదలడు చూడండి, అచ్చం అదే అవస్థ. అందుకని గిల్లినా, కొట్టినా, పగ తీర్చుకున్నా అంతా పియానో మీదుగానే, పాటలో భాగంగానే జరగాలి. జెర్రీ మూత దభాలున వేస్తే అది లయలోనే పడుతుంది. పియానో మెట్ల (కీల) వరసలో ఎలుకల బోను పెడితే టామ్ వేలు అందులో ఇరుక్కునేది కూడా స్వరం రావాల్సిన చోటే.

దెబ్బ ఎప్పుడు పడుతుందో సంగీతం ముందే చెప్పేస్తుంది. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టమనేది అందుకే. ‘ఇప్పుడు... ఇప్పుడు...’ అని ఎదురుచూసి, అనుకున్న చోటే పడితే వాళ్లకి దాగుడుమూతల్లో దొంగని పట్టుకున్నంత సంబరం. పెద్దవాళ్లకి ఎక్కువ నచ్చేది మొదట్లోని తీరుబడి. గొడవ మొదలయ్యేలోపే టామ్ తనని తాను ఎంతటివాణ్ణనుకుంటున్నాడో మనకి తెలిసిపోతుంది. క్షణానికో దృశ్యం మార్చేసే ఇప్పటి పిల్లల వీడియోల్లో ఈ ఓపిక కరువు.

పైగా మాటల్లేవు. ఏ భాషలోకీ డబ్బింగ్ అక్కర్లేదు. చైనాలోని షెన్‌యాంగ్‌లో 1982లో పుట్టిన పియానో విద్వాంసుడు లాంగ్ లాంగ్, రెండేళ్ల వయసులో ఈ సినిమా చూసే పియానో మీద మనసుపడ్డానని చెబుతూ ఉంటారు. తెనాలిలో మీ అమ్మాయికీ షెన్‌యాంగ్‌లో ఆ పిల్లవాడికీ చేరింది ఒకటే.

ప్రశ్న: ఇది ఎప్పటిది? దీనికి ఆస్కార్ వచ్చిందని క్విజ్‌లో అడిగారు. నిజమేనా? (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: నిజమే. 1946వ సంవత్సరానికి చిన్న కార్టూన్ చిత్రాల విభాగంలో ఆస్కార్ గెలిచింది. వేడుక 1947 మార్చి 13న, మామూలు విడుదల ఏప్రిల్ 26న. క్విజ్‌ల్లో రెండు సంవత్సరాలు కనిపించేది అందుకే, రెండూ తప్పు కావు. దర్శకులు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. సంగీతం స్కాట్ బ్రాడ్లీ. సంస్థ ఎంజీఎం. ఆ రోజుల్లో ఈ ఆస్కార్ నిర్మాత చేతికి వెళ్లేది, అంటే ఫ్రెడ్ క్వింబీకి. బొమ్మ తీసిన ఇద్దరూ కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి. హన్నా, బార్బెరా 1940 నుంచి 1958 దాకా 114 టామ్ అండ్ జెర్రీ చిత్రాలు తీస్తే ఏడింటికి ఆస్కార్ దక్కింది. ఇది నాలుగోది.

ప్రశ్న: టామ్ వేళ్లు, పియానో శబ్దం అంత కచ్చితంగా ఎలా కలిశాయి? కంప్యూటర్ లేని రోజుల్లో ఇది ఎలా సాధ్యం? (యానిమేషన్ కోర్సు విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: బొమ్మ ముందు, సంగీతం తర్వాత అనుకుంటాం. ఇక్కడ తలకిందులు. పియానో ముందు రికార్డయింది, బొమ్మ దాని వెంట నడిచింది.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. సంగీతకారులు వేగాన్ని నిమిషానికి ఇన్ని దెబ్బలు అంటారు. యానిమేటర్లు దెబ్బకి ఇన్ని ఫ్రేములు అంటారు. 1,440ని వేగంతో భాగిస్తే చాలు. 120 వేగానికి దెబ్బకి 12 ఫ్రేములు, 144కి 10, 180కి 8. హన్నా ఈ లెక్క మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని వేగం చూపే పరికరం) దగ్గర పెట్టుకుని వేసేవారు. ఆ అంకెలన్నీ ఎక్స్‌పోజర్ షీట్ అనే పొడవాటి కాగితం మీదికి ఎక్కుతాయి. ఒక్కో గడి ఒక్కో ఫ్రేము. ఏ గడిలో చేయి పైన ఉండాలి, ఏ గడిలో మెట్టుని తాకాలి అన్నది అక్కడే తేలిపోతుంది. గీయడం ఆ తర్వాతి మాట.

వేగం 100 అయితే చిక్కు వస్తుంది. భాగిస్తే 14.4, ఫ్రేముని ముక్క చేయలేం. పోనీలే అని 14 వేసుకుంటూ పోతే పది దెబ్బలకి 4 ఫ్రేములు ముందుకి జరిగిపోతాం. అది సెకనులో ఆరో వంతు, ఎవరి కంటికైనా దొరికిపోతుంది. మందు ఏమిటంటే 14, 14, 15, 14, 15 అని పంచుకోవడం. అయిదు దెబ్బలకి సరిగ్గా 72. మీ కోర్సులో సాఫ్ట్‌వేర్ ఈ పని దానంతటదే చేసేస్తుంది కాబట్టి ఎవరూ చెప్పి ఉండరు. చేత్తో ఒకసారి వేసి చూడండి, టైమింగ్ అంటే ఏమిటో వేళ్లకి తెలుస్తుంది.

ఇంకో చిక్కు టామ్ వాయించే పాటలోనే ఉంది. అది హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ రాసిన ‘హంగేరియన్ రాప్సొడీ’ల్లో రెండోది, 1847 నాటిది. దాని మొదటి సగం విలంబం (నెమ్మది నడక), వేగం సమంగా ఉండదు. మన ఆలాపనలాగా సాగుతుంది, ఆగుతుంది. అక్కడ లెక్కలు పనికిరావు. రికార్డు వింటూ ఒక్కో స్వరం ఏ ఫ్రేములో పడిందో గుర్తుపెట్టుకోవాల్సిందే.

వేళ్ల గురించి ఒక మాట. టామ్ చేతికి వేళ్లు నాలుగే, రెండు చేతులకి ఎనిమిది. లిస్ట్ రాసింది పది వేళ్లకి. అంటే ఏ వేలు ఏ మెట్టు మీద అన్న లెక్క మొదటే కుదరదు. అయినా మనం నమ్ముతాం. కన్ను చూసుకునేవి మూడే: మంద్రానికి చేయి ఎడమకీ, తారస్థాయికి కుడికీ వెళ్లిందా? తాకిన క్షణం సరిపోయిందా? గట్టి శబ్దానికి భుజం కూడా కదిలిందా? ఈ మూడూ ఉంటే మిగతాది కన్ను క్షమిస్తుంది. కొత్తవాళ్లు వేళ్ల దగ్గర వారం రోజులు కూర్చుని భుజాన్ని వదిలేస్తారు. అప్పుడు టైపు కొడుతున్నట్టు ఉంటుంది తప్ప వాయిస్తున్నట్టు ఉండదు.

ఏడున్నర నిమిషాలనుకుంటే 10,800 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల చొప్పున నిలిపినా 5,400 బొమ్మలు. అది టామ్‌కి ఒక్కడికే, తెర మీద జెర్రీ ఉన్నంతసేపూ ఇంకో వరస. వేగంగా పరుగుతీసే స్వరాల దగ్గర రెండేసి ఫ్రేములు నిలపడం కుదరదు, ఫ్రేముకో బొమ్మ గీయాలి.

ప్రశ్న: జెర్రీ పియానోలో అలా ఎగిరెగిరి పడటం నిజంగా జరుగుతుందా, ఉత్త ఊహేనా? (సైన్స్ టీచర్, శ్రీకాకుళం)

జవాబు: సగం నిజం, సగం అబద్ధం. నిజమైన సగం చాలా బాగుంటుంది, తరగతిలో తులాదండం పాఠానికి పనికొస్తుంది.

గ్రాండ్ పియానోలో మెట్టు నొక్కితే మన వైపు దాదాపు 10 మిల్లీమీటర్లు దిగుతుంది. అవతల సుత్తి దాదాపు 45 మిల్లీమీటర్లు లేచి తీగని కింది నుంచి తాకుతుంది. అంటే నాలుగున్నర రెట్లు కదలిక. అంత లేచే చోట పడుకున్నవాడు ఎగరక ఏం చేస్తాడు? ఒక్కో మెట్టు వాటా 13.7 మిల్లీమీటర్లు. 8 సెంటీమీటర్ల చిట్టెలుక అడ్డంగా పడుకుంటే ఆరు సుత్తుల మీద పరుచుకుంటుంది. టామ్ ఆరు స్వరాల పరుగు తీస్తే తలనుంచి తోకదాకా అల లేస్తుంది. తెర మీద జెర్రీ ఒళ్లు కదిలే తీరు అదే.

కదలిక ఎంత పెరిగిందో బలం అంత తగ్గాలి కదా. మెట్టు దిగడానికి మామూలుగా 50 గ్రాముల బరువు చాలు. 20 గ్రాముల ఎలుక ఒకే సుత్తి మీద కూర్చుంటే మెట్టు దగ్గర ఇంకో 90 గ్రాములు కలుస్తాయి. వాయించేవాడికి ఆ మెట్టు దాదాపు మూడింతలు బరువుగా తగులుతుంది. లోపల ఏదో ఉందని టామ్ కంటికంటే వేలికే ముందు తెలియాలి.

అబద్ధం ఎక్కడంటే, జెర్రీ సుత్తుల మీద గెంతి పాట మార్చేసే చోట. సుత్తి పైకి లేస్తేనే మోగుతుంది, పైనుంచి తొక్కితే ఏమీ రాదు. సుత్తులు విరిచి కర్రల్లా పట్టుకుని తీగల మీద కొట్టేది మాత్రం వీలైన పనే, మన సంతూర్ వాయించినట్టు. అయితే తీగల మీద డంపర్లనే దళసరి బనాతు దిమ్మలు కూర్చుని ఉంటాయి, టక్‌మని చప్పుడై ఆగిపోతుంది. అది మోగాలంటే టామ్ కుడి పెడల్ తొక్కి పట్టుకోవాలి. పగవాడికి కాలితో శ్రుతి పట్టినట్టు!

ఆ గెంతులప్పుడు వినిపించే జాజ్ పాట, ఎంజీఎం వారే 1946లో తీసిన ‘ది హార్వీ గర్ల్స్’లోది. దానికీ అదే ఆస్కార్ రాత్రి ఉత్తమ గీతం బహుమతి వచ్చింది.

ప్రశ్న: నవ్వకండి. మా తాతగారి హార్మోనియంలో నిజంగానే ఎలుక దూరింది. తిత్తిలో గాలి నిలవడం లేదు. మా చర్చిలో పాత పియానో పరిస్థితీ అంతే. ఏం చేయాలి? (నర్సాపురం)

జవాబు: నవ్వే విషయం కాదు. తోలు, బనాతు, జిగురు, చీకటి, వెచ్చదనం అన్నీ ఒకచోట దొరికితే ఎలుకకి అంతకంటే ఏం కావాలి.

ముందు హార్మోనియం. స్టాపులన్నీ మూసి, మెట్లు ముట్టకుండా తిత్తి కొట్టి గాలి నింపండి. చేయి వదలగానే చప్పున వాలిపోతే చిల్లు ఉంది, మెల్లగా వాలితే పాతబడిన కీళ్ల దగ్గర సన్నగా కారుతోంది. చిల్లు ఎక్కడో తెలియాలంటే గది చీకటి చేసి, తిత్తి విప్పి లోపల టార్చి వెలిగించి బయటినుంచి చూడండి. ఎలుక కొరికింది సాధారణంగా మడత మూలల్లో ఉంటుంది. మీద వేసే అతుకు పల్చటి మేకతోలు కావాలి, చిల్లుకి నలువైపులా ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండేలా కత్తిరించి, అంచు చెక్కి పల్చన చేసి, చెక్కపని జిగురుతో అంటించి, తిత్తి తెరిచి ఉంచి ఒక రాత్రి ఆరనివ్వండి. మూసి ఆరబెడితే మడతలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సెల్లోటేపు వద్దు. నెల్లాళ్లలో ఊడుతుంది, జిగురు మిగిలి అసలు అతుకుని పట్టనివ్వదు.

విషం పెట్టకండి. తిన్న ఎలుక లోపలే ఎక్కడో చచ్చిందంటే ఆ వాసనకి వాద్యం మొత్తం విప్పాల్సి వస్తుంది. కలరా ఉండలు ఎలుకని నమ్మకంగా ఆపవు, ఆ గదిలో పాడే పిల్లలకి మంచివీ కావు. దారి మూయడమే పని. 6 మిల్లీమీటర్ల సందు ఉన్నా చిట్టెలుక దూరిపోతుంది. వెనక చిల్లులకి సన్నటి ఇనుప జల్లెడ కొట్టండి. ఇంకోటి, హార్మోనియం పక్కన ప్రసాదం అటుకుల డబ్బా ఉంటే దాన్ని ముందు అక్కణ్ణుంచి తీయండి.

పియానోకి పెడల్ కాడలు దూరే సందులు ప్రధాన ద్వారం. నిలువు పియానో అయితే మోకాళ్ల దగ్గరి పలక ఊడదీస్తే గూడు కనిపిస్తుంది. ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. పెంటికలు పొడిగా ఊడవకండి, దుమ్ము లేస్తుంది. తడి గుడ్డతో ఎత్తేయండి. లోపల ఏ మందూ పిచికారీ చేయకూడదు, తీగలు తుప్పు పడతాయి. అసలు నష్టం కొరుకుడు వల్ల కాదు, మూత్రం వల్ల. మెట్ల కింద వాటిని నిలబెట్టే లోహపు పిన్నులుంటాయి. అవి తుప్పుపడితే నొక్కిన మెట్టు పైకి రాదు. అలాంటివి రెండు మూడుంటే మెకానిక్ ఒక పూటలో తీస్తారు. పాతికకి పైగా ఉంటే మెట్లన్నీ బయటికి తీసి పిన్నులు మెరుగుపెట్టాలి. నర్సాపురం తడిగాలికి ఈ పని ఆలస్యం చేసిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది.

ప్రశ్న: కేబుల్‌లో వచ్చినప్పుడు రికార్డు చేసుకున్న పాత టేపు ఉంది. కీబోర్డు మీద దానితోపాటు వాయిద్దామంటే శ్రుతి కలవడం లేదు. అర స్వరం కూడా కాదు, మధ్యలో ఎక్కడో ఉంది. (విజయవాడ)

జవాబు: మీ చెవి సరైనది. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25 ఫ్రేములు. సినిమా 24. ఆ ఒక్క ఫ్రేము తేడాని సర్దడానికి సినిమానే కాస్త వేగంగా తిప్పేసేవారు. వేగం 4 శాతం పెరిగితే శ్రుతి దాదాపు 71 సెంట్లు పైకి పోతుంది. అర స్వరం అంటే 100 సెంట్లు, కాబట్టి మీరన్నట్టు ‘మధ్యలో ఎక్కడో’. ఏడున్నర నిమిషాల సినిమా 7 నిమిషాల 12 సెకన్లలో అయిపోతుంది.

తేలిక దారి: కీబోర్డులో ట్యూనింగ్ ఉన్నచోట 440ని 458.3కి మార్చండి. ట్రాన్స్‌పోజ్ బటన్ కాదు, అది అర స్వరం చొప్పునే జరుగుతుంది. లేదా టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో వేగం 4 శాతం తగ్గించండి. ‘టెంపో’ తగ్గించే ఆప్షన్ ఎంచుకుంటే వేగం తగ్గుతుంది గానీ శ్రుతి అలాగే ఉంటుంది. చాలామంది తప్పు చేసేది అక్కడే. పాత టేపు రికార్డరు మోటారు తానే నెమ్మదించి ఉంటే లెక్క ఇంకోలా ఉంటుంది. ముందు ఏదైనా తెలిసిన పాటతో సరిచూసుకోండి.

ప్రశ్న: మా బాబు పదేళ్లవాడు, కీబోర్డు మూడో గ్రేడు. టామ్ వాయించింది నేర్పమంటున్నాడు. (నిజామాబాద్)

జవాబు: అసలు పాట ఎనిమిదో గ్రేడు దాటాక కూడా చెమటలు పట్టిస్తుంది. సీ షార్ప్ మైనర్‌లో, అంటే మన లెక్కలో ఒకటిన్నర శ్రుతిలో మొదలై, రెండో సగం నాలుగున్నరకి పోతుంది. అక్కడ ఆరు షార్పులు, చేయి నల్ల మెట్ల మీదే ఉండాలి. ఒకే స్వరాన్ని వేళ్లు మార్చుకుంటూ గబగబా కొట్టాలి, ఎడమ చేయి స్థాయి దాటి దూకాలి. పైగా మీ ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డే అయి ఉంటుంది, అంటే అయిదు స్థాయిలు. లిస్ట్‌కి అవి చాలవు.

కాబట్టి విలంబ భాగంలోని మొదటి స్వరమాల మాత్రం డి మైనర్‌లోకి సులువు చేసిన ప్రతి తీసుకోండి. మొదటి వారం ఎడమ చేయి ఒక్కటే, నిమిషానికి 50 దెబ్బల వేగంతో. రెండో వారం కుడి చేయి. మూడోవారం రెండు చేతులూ కలిపి, నాలుగేసి గతుల (బార్ల) చొప్పున. పిల్లలు సినిమా వేగం చెవిలో పెట్టుకుని మొదటి రోజే పరిగెడతారు. తప్పు వేలు అలవాటైపోతే మళ్లీ మాన్పించడానికి నేర్చుకున్న దానికి రెట్టింపు రోజులు పడుతుంది.

ఒక సంగతి బాబుకి చెప్పండి, ఉత్సాహపడతాడు. పాట చివర్లో ఒకచోట లిస్ట్ ఏమీ రాయకుండా, వాయించేవాడు ఇష్టమొచ్చినట్టు కల్పించుకోవచ్చని వదిలేశాడు. రష్యన్ పియానో విద్వాంసుడు రహ్మానినోవ్ ఆ ఖాళీకి సొంతంగా రాసుకున్నారు. మన మనోధర్మం లాంటిదే అనుకోమనండి.

ప్రశ్న: ఇది బగ్స్ బన్నీ సినిమాకి కాపీ అంటారు. (విశాఖపట్నం)

జవాబు: వార్నర్ వారి ‘రాప్సొడీ ర్యాబిట్’ 1946 నవంబరులో వచ్చింది. ఫ్రిజ్ ఫ్రెలెంగ్ తీశారు. కుందేలు అదే పాట వాయిస్తుంది, పియానోలో ఎలుక కూడా ఉంది. రెండు సంస్థలూ నువ్వు కాపీ అంటే నువ్వు కాపీ అనుకున్నాయి. ఏదీ రుజువు కాలేదు. ఫ్రెలెంగ్ 1941లోనే ఇదే పాటతో ‘రాప్సొడీ ఇన్ రివెట్స్’ తీశారు కాబట్టి, పాట మీద హక్కు ఎవరిదని అడగడంలో అర్థం లేదు.

రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టి చూడండి. బగ్స్ సభతో ఆటలాడతాడు, ఆపుతాడు, కబుర్లు చెబుతాడు. మొదటి జవాబులో చెప్పిన షరతు అక్కడ లేదు. మా ఓటు టామ్‌కే, అందుకే.

ప్రశ్న: కొత్త టీవీలో టామ్ లావుగా కనిపిస్తున్నాడు. ఒక్కోసారి తల తెగిపోతోంది. (గుంటూరు)

జవాబు: రెండు జబ్బులు. అసలు బొమ్మ వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. మీ టీవీది 1.78. పూర్తిగా నింపాలని సాగదీస్తే టామ్ 30 శాతం లావెక్కుతాడు. సాగదీయకుండా నింపితే పైనా కిందా కలిపి 23 శాతం తెగిపోతుంది, అంటే పైన తల, కింద మెట్లు. ఈ సినిమాకి రెండోది మరీ పాపం, ఎందుకంటే గొడవంతా మెట్ల దగ్గరే. టీవీలో పిక్చర్ సైజు 4:3కో ‘ఒరిజినల్’కో మార్చండి. పక్కన నల్లటి పట్టీలుంటే ఉండనివ్వండి.

ప్రశ్న: వేసవి సెలవుల్లో పిల్లలతో ఇలా పాటకి బొమ్మ కదిలే చిన్న వీడియో చేయించాలనుంది. ఫోను తప్ప ఏమీ లేదు. (అంగన్‌వాడీ టీచర్, వనపర్తి)

జవాబు: ఫోను చాలు. సెకనుకు 24 వద్దు, 12 పెట్టుకోండి. ఆది తాళం ఒక ఆవర్తనం, నిమిషానికి 120 దెబ్బల వేగం: ఎనిమిది దెబ్బలకి నాలుగు సెకన్లు, 48 ఫొటోలు, దెబ్బకి ఆరు. లెక్క పిల్లలకి కూడా తెగుతుంది. ఒకరు తాళం వేస్తుంటే ముందు శబ్దం రికార్డు చేయండి. తర్వాత కాగితం మీద 48 గడులు గీసి 1, 7, 13, 19, 25, 31, 37, 43 గడులకి ఎర్ర చుక్క పెట్టండి. ఆ ఎనిమిది ఫొటోల్లో చేయి తొడను తాకి ఉండాలి. ముందు ఆ ఎనిమిది బొమ్మలు గీసి, మిగతావి తర్వాత పూరించండి. మొదటి నుంచి వరసగా గీసుకుంటూ పోతే నాలుగో దెబ్బకే దారి తప్పుతారు.

అట్టతో చేయి, మోచేయి, భుజం కత్తిరించి బొందు గుండీలతో కీళ్లు కట్టండి. బొమ్మ నేల మీద పరిచి, రెండు స్టూళ్ల మధ్య పలక వేసి, దాని మీద ఫోను కింది వైపు చూసేలా టేపుతో బిగించండి. వీడియో మినుకుమినుకుమంటే ఫోను వెలుతురు తానే సర్దుకుంటోందన్నమాట. కెమెరాలో తెర మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ (వెలుతురు కొలత) మారకుండా లాక్ అవుతుంది. కిటికీ మూసి ట్యూబులైటు కింద తీయండి, మబ్బులు వస్తూ పోతూ ఉంటే ఏ లాకూ ఆపలేదు. పిల్లలు చేయి ఒకేసారి ఎక్కువ జరిపేస్తారు. పైకి వెళ్లేటప్పుడు నాలుగు అడుగుల్లో మెల్లగా, దెబ్బకి దిగేటప్పుడు ఒకే అడుగులో పడాలి. అలా అయితేనే దెబ్బలా ఉంటుంది.

అంతా అయ్యాక శబ్దం వెనకబడిందనిపిస్తే వెంటనే బొమ్మలు మార్చకండి. బ్లూటూత్ స్పీకరు తీసేసి ఫోనులోనే వినండి. స్పీకరు శబ్దాన్ని సెకనులో పదో వంతో, ఇంకాస్తో ఆలస్యం చేస్తుంది, మీకు అది ఒకటి రెండు ఫ్రేములు. అప్పుడూ శబ్దం వెనకబడే ఉంటే బొమ్మని ఒక్క ఫ్రేము ఆలస్యంగా వచ్చేలా జరపండి, అంతకు మించి వద్దు. కన్ను చూసిన దెబ్బ చెవి విన్నదానికంటే ఒక పిసరు ముందున్నా నమ్ముతాం, వెనకబడితే మాత్రం నమ్మం.

యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు సినిమాలోని శబ్దం వాడకండి, హక్కుదారుల నోటీసు వస్తుంది. లిస్ట్ 1886లో పోయారు కాబట్టి ఆయన స్వరాలు ఎవరైనా వాయించుకోవచ్చు. వాయింపు మాత్రం మీదే కావాలి.

ప్రశ్న: మూడేళ్ల పిల్లాడికి చూపించవచ్చా? కొట్టుకోవడం నేర్చుకుంటాడని మా అత్తగారు. (ఒంగోలు)

జవాబు: మీ అత్తగారి మాటలో పస ఉంది. ఈ వయసులో చూసింది చేసి చూస్తారు. ఇందులో ముఖ్యంగా గమనించాల్సింది వేళ్ల మీద మూత వేయడం. ఇంట్లో పియానో ఉన్నా, మూత ఉన్న డబ్బా ఉన్నా కనిపెట్టి ఉండండి. పక్కన కూర్చుని ఒక్కసారి చూపించి, ‘వేలు నొప్పెట్టింది పాపం’ అనండి, చాలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద తెర గంటకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడున్నర నిమిషాలతో సమస్య లేదు. సమస్య దాని వెనకే దానంతటదే మొదలయ్యే ఇంకో ఏడు వీడియోలది. ఆటోప్లే ముందు ఆపేయండి.

ప్రశ్న: ఆ పాట ఏ రాగమండీ? సింహేంద్రమధ్యమంలా వినిపించింది. (సంగీతం టీచర్, రాజమహేంద్రవరం)

జవాబు: అలా వినిపించడానికి కారణం ఉంది. హంగేరియన్ మైనర్ అని పాశ్చాత్యులు పిలిచే శ్రేణి స్వరాలు మన 57వ మేళకర్త రాగం సింహేంద్రమధ్యమానివే. ఈ రాప్సొడీ అంతా అందులోనే నడవదు, విలంబ భాగంలో ప్రతిమధ్యమం (‘మ’లో పై స్థానం) అలంకారంగా తగిలి పోతూ ఉంటుంది. ఆ తగిలే చోటే మీ చెవి పట్టుకుంది. పియానోలో గమకం కుదరదు కాబట్టి, పక్క స్వరాన్ని చటుక్కున తాకి వెనక్కి రావడంతో సరిపెట్టుకుంటారు.

ప్రశ్న: ఇలాంటివే టామ్ అండ్ జెర్రీవి ఇంకేమున్నాయి? (అదే తెనాలి తల్లి)

జవాబు: 1950 నాటి ‘టామ్ అండ్ జెర్రీ ఇన్ ది హాలీవుడ్ బౌల్’ చూపించండి, అందులో టామ్ వాద్యబృందాన్ని చేత్తో నడిపించే కండక్టరు. తర్వాత ‘జోహాన్ మౌస్’, వియన్నాలో వాల్ట్జ్ అనే నాట్య సంగీతం వింటే నాట్యం చేయకుండా ఉండలేని ఎలుక కథ. దానికీ ఆస్కార్ వచ్చింది. ఆ పియానో వాయించింది యాకోబ్ గింపెల్. అందులో మాత్రం కథ చెప్పే గొంతు ఉంది, ఇంగ్లీషులో. అమ్మాయి పక్కన కూర్చుని మీరు తెలుగులో చెప్పాల్సి వస్తుంది.